సైట్ ఎంత తిప్పినా బాణాలు ఒకరోజు ఎడమకి, ఒకరోజు కుడికి: లోపం సైట్‌దేనా?

రికర్వ్ విల్లుతో (కొసలు ముందుకి వంగి ఉండేది) 30 మీటర్ల దూరంలో వేస్తున్నానని, సైట్ (విల్లుకి బిగించే గురి సాధనం) పిన్ టార్గెట్ నడుమ ఉండే పసుపు మీద నిలవట్లేదని, సైట్ రోజూ సర్దుతున్నా బాణాల గ్రూప్ (అవి గుంపుగా పడే చోటు) మారిపోతోందని రాశారు. కొత్త సైట్ కొనాలా అని అడిగారు. కొనకండి. నేను కొన్నాను. పాత సైట్‌తో ఎడమకి పోయే బాణాలు కొత్త సైట్‌తోనూ ఎడమకే పోయాయి.

మొదటి ఏడాదంతా నాదీ ఇదే తంతు. ఒక్క బాణం పక్కకి పోతే చాలు, చెయ్యి సైట్ తిప్పే స్క్రూ మీదకి వెళ్లేది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. చివరికి మా కోచ్ ఆ స్క్రూ మీద టేపు అంటించేసి, రెండు వారాలు ముట్టుకోవద్దన్నారు. నా అసలు తప్పులు అప్పుడు బయటపడ్డాయి.

అన్నిటికంటే పెద్దది స్ట్రింగ్ (వింటినారి) నీడ. ఫుల్ డ్రాలో, అంటే స్ట్రింగ్ పూర్తిగా లాగి పట్టినప్పుడు, చూపు టార్గెట్ మీద ఉంటే, కంటి ముందున్న స్ట్రింగ్ మసక గీతలా కనిపిస్తుంది. ఆ గీత ప్రతిసారీ ఒకే చోట ఉండాలి. నేను పిన్ చుట్టూ ఉండే సైట్ రింగ్‌కి ఆనుకుని కుడివైపు పెట్టుకుంటాను. కొందరు విల్లు అంచుకి ఆనిస్తారు. ఎక్కడైనా ఫర్వాలేదు, చోటు మారకపోతే చాలు. నాకేమో అలసట వచ్చేకొద్దీ తల కొద్దిగా తిరిగేది, గీత జరిగేది. పిన్ పసుపు మీదే ఉన్నా, స్ట్రింగ్ కుడికి జరిగితే బాణం వెనక కొస కూడా కుడికి జరిగినట్టే. మరి ముందు కొస ఎడమకి చూస్తుంది కదా! రికర్వ్‌కి, కప్పీలుండే కాంపౌండ్ విల్లులా, స్ట్రింగ్‌లో పీప్ (గురి చూసే చిన్న రంధ్రం) ఉండదు, మనకి వెనక సైట్ ఈ నీడే. దీన్ని పట్టించుకోకుండా ముందున్న పిన్ ఒక్కటే తిప్పుకుంటూ కూర్చోవడం దండగ. స్ట్రింగ్ ముక్కు కొసకి, గడ్డానికి తగిలిందో లేదో ప్రతి బాణానికీ చూసుకోండి. తల కుదిరిందంటే నీడ కూడా చాలావరకు కుదురుతుంది.

రెండోది గ్రిప్. విల్లుని గుప్పెట్లో బిగించకూడదు. బరువంతా బొటనవేలి కింద కండ మీద పడాలి, వేళ్లు వదులుగా ఉండాలి. విల్లు కింద పడుతుందేమో అన్న భయంతోనే మనం పట్టేస్తాం. ఫింగర్ స్లింగ్ (విల్లు పడకుండా వేళ్లకి కట్టుకునే తాడు) కట్టుకున్నాక నాకు ఆ భయం పోయింది.

ఇక నిలబడటం. భుజాల వెడల్పున పాదాలు, విల్లు పట్టిన భుజం చెవి వైపు లేవకుండా కిందకి, ఇంతవరకు అందరూ చెప్పేదే. నాకు బాగా పనికొచ్చిన పరీక్ష ఒకటి చెబుతాను. టార్గెట్ వైపే గురి పెట్టి, పూర్తిగా లాగి, రెండు క్షణాలు కళ్లు మూసుకుని తెరవండి. బాణం మాత్రం వదలొద్దు, మెల్లగా దించేయండి. కళ్లు తెరిచేసరికి పిన్ పసుపు దాటి కుడికి పోయి ఉంటే, మీ ఒళ్లు నిజంగా చూస్తున్నది అటే. దాన్ని చేత్తో వెనక్కి లాగితే వణుకే మిగులుతుంది. జరపాల్సింది పాదాలు. నేను వెనక పాదం రెండు వేళ్ల వెడల్పు జరిపితే సరిపోయింది.

పిన్ అసలు కదలకూడదు అనుకుంటే అది కుదిరే పని కాదు. అందరికీ తేలుతుంది. బిగబట్టి ఆపాలని చూస్తే టెన్షన్ పెరిగి, పిన్ పసుపు తాకగానే వేళ్లు తెరుచుకునే జబ్బు పట్టుకుంటుంది. పసుపు మీద తేలనిచ్చి, వీపుతో లాగుతూనే ఉండండి. నాలుగైదు సెకన్లు దాటితే దించేసి మళ్లీ మొదలుపెట్టడమే మేలు. సైట్ బార్ (పిన్‌ని విల్లుకి ముందు పట్టి ఉంచే కడ్డీ) బాగా ముందుకి పెట్టి ఉంటే కొంచెం లోపలికి తీసుకోండి. వణుకు తగ్గదు గానీ తక్కువ కనిపిస్తుంది, కంగారు తగ్గుతుంది. ఒక్కో దూరానికి సైట్ మీద పెట్టుకున్న మార్కులు మాత్రం మళ్లీ వేసుకోవాలి.

ఇవన్నీ కుదిరాక స్క్రూ తిప్పండి, అదీ ఆరు బాణాలు ఒకచోట పడ్డాకే. పిన్ బాణం వెంట పోవాలి: ఎడమ పడితే ఎడమకి, పైన పడితే పైకి. కొంచెం కొంచెంగానే సుమా. కంటి నుంచి పిన్‌కి సుమారు 85 సెంటీమీటర్లు ఉందనుకుంటే, పిన్ ఒక్క మిల్లీమీటరు జరిగితే 30 మీటర్లలో బాణం మూడున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. అదే 70 మీటర్లలో 8 సెంటీమీటర్ల పైమాటే. ఆ దూరానికి వాడే 122 సెంటీమీటర్ల టార్గెట్‌లో పది రింగు వెడల్పు 12.2 మాత్రమే, అంటే నట్టనడుమ పడాల్సిన బాణం పది దాటి పోయినట్టే.

లాగిన మొదటి సెకను నుంచే చెయ్యి వణుకుతుంటే మాత్రం ఆ విల్లు లాగడానికి మీకు బరువెక్కువ. నేను 34 పౌండ్ల లాగుడు బరువు నుంచి 30కి దిగాను. నామోషీగానే అనిపించింది, కానీ పిన్ కుదుటపడింది. కోచ్ స్క్రూ మీది టేపు పీకింది ఆ రోజే. పౌండ్లు తగ్గితే బాణం కిందకి పడుతుంది, పిన్ కిందకి దించక తప్పదు మరి.