ఇల్లినాయ్‌లో ‘152ఎ’ పొలం: నీరు నిలిచే నల్లమట్టిని కొనాలా, వద్దా?

మీరు అడిగింది ఇది: బ్లూమింగ్టన్ పక్కన 40 ఎకరాలు చూశారు. సాయిల్ మ్యాప్‌లో సగానికి పైగా ‘152ఎ, డ్రమ్మర్ సిల్టీ క్లే లోమ్, పూర్లీ డ్రెయిన్డ్’ (అంటే డ్రమ్మర్ అనే ఒండ్రు, బంక కలిసిన మట్టి, నీరు సరిగా పోనిది) అని ఉంది. ఏప్రిల్‌లో వెళ్తే పల్లంలో నీళ్ళు మెరుస్తున్నాయి. ఇది మన నల్లరేగడి లాంటిదేనా, వదిలేయమంటారా?

వదిలేయకండి. ‘పూర్లీ డ్రెయిన్డ్’ అన్న మాట చూసి భయపడి, పక్కనే దిబ్బ మీదున్న కోతపడ్డ నేలను ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్ళున్నారు. డ్రమ్మర్ ఇల్లినాయ్ రాష్ట్ర అధికారిక మట్టి. ఆ రాష్ట్రంలో 15 లక్షల ఎకరాలకు పైగా ఉంది. నేలల పంట సత్తాకు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వేసిన మార్కుల్లో అన్నిటికంటే మంచి నేలకు 147 వస్తే దీనికి 144 వచ్చాయి. కానీ ఆ 144 నీరు బయటికి పోయే ఏర్పాటు ఉందనుకుని వేసిన మార్కు. ఆ షరతు సంగతి అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు.

నల్లరేగడితో పోలిక రంగు దగ్గరే ఆగిపోతుంది. నల్లరేగడిలో బంకమన్ను పాలు సగానికి అటూ ఇటూ ఉంటుంది. తడిస్తే ఉబ్బి రంధ్రాలన్నీ మూసుకుంటాయి, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు. పటాన్‌చెరు ఇక్రిశాట్ నల్లరేగడి పూర్తిగా తడిశాక గంటకు మిల్లీమీటరు నీరు కూడా లోపలికి దిగదు. డ్రమ్మర్‌లో బంక నూటికి 27 నుంచి 35 పాళ్ళు, మిగతాది ఎక్కువగా పిండిలాంటి ఒండ్రు. గంటకు 15 నుంచి 50 మిల్లీమీటర్లు సులువుగా దిగుతుంది. అంటే రేగడిలో నీరు కదలలేక నిలుస్తుంది. ఇక్కడ కదలగలదు, పోవడానికి చోటు లేక నిలుస్తుంది. నీరు పల్లమెరుగు అంటాం కదా, ఈ నేలలో ఎరగడానికి పల్లమే లేదు. వాలు 0 నుంచి 2 శాతం. నీరు సొంత వాగు తవ్వుకునేంత వయసు కూడా ఈ నేలకు రాలేదు.

ఎందుకంటే ఇదంతా హిమానీనదం వదిలిపోయిన చోటు. మంచు కరిగినప్పుడు ఆ నీరు మోసుకొచ్చిన ఇసుక, సన్న గులక, ఒండ్రు పొరలు పొరలుగా పరుచుకున్నాయి. దాన్నే అవుట్‌వాష్ అంటారు. తర్వాత నదీలోయల్లో ఎండిన సన్న మన్నును గాలి లేపి ఆ ఇసుకల మీద కప్పింది. డ్రమ్మర్‌లో ఆ కప్పు మందం 40 నుంచి 60 అంగుళాలు. దాని మీద నిలువెత్తు గడ్డి వేల ఏళ్ళు పెరిగి, చచ్చి, నీళ్ళలో గాలాడక పూర్తిగా కుళ్ళలేక మిగిలిపోయింది. ఆ నలుపు అక్కడిది. నీరు నిలిచింది కాబట్టే ఈ నేల ఇంత సారవంతమైంది. ఇప్పుడు ఆ నీరే దీని తప్పని చెప్పడం చూస్తే నవ్వొస్తుంది.

కొనే ముందు కాగితాలు పక్కన పెట్టి ఒక గుంత తవ్వండి. అదునైన నెల ఏప్రిల్. సన్నపాటి పొడుగు పార ఒకటి, 5 అడుగుల చేతి ఆగర్ (మట్టిని తొలిచి పైకి తీసే బర్మా) ఒకటి ఉంటే చాలు. తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యండి, గ్యాసు, కరెంటు లైన్లకు జెండాలు పెడతారు (నీరు తీయడానికి పొలంలో పూడ్చిన పాత గొట్టాలకు మాత్రం ఎవరూ జెండా పెట్టరు). మొదటి 14 అంగుళాలు బొగ్గులాంటి మట్టి. తడిపి బొటనవేలితో రిబ్బన్‌లా తోస్తే అంగుళం, అంగుళంన్నర సాగి తెగుతుంది, గరుకు తగలదు. 19, 20 అంగుళాల దగ్గర నలుపు చెదిరి బూడిద రంగు మొదలవుతుంది. అందులో కుంకుడుకాయ రంగు మచ్చలు, పాత వేళ్ళు పోయిన దారుల వెంట తుప్పు గీతలు కనిపిస్తాయి. మట్టిలో గాలి అయిపోయినప్పుడు సూక్ష్మజీవులు ఇనుమును కరిగించేస్తాయి, ఆ ఇనుము పోయిన చోటు బూడిదగా మిగులుతుంది. వేళ్ళ దారిన మళ్ళీ గాలి చొరబడిన చోట తుప్పు పడుతుంది.

ఇంకా దిగండి. 40 దాటాక ఆగర్ చప్పుడు మారుతుంది. అప్పటిదాకా వెన్నలా దిగినది కరకరమంటుంది, వేళ్ళ మధ్య ఇసుక తగులుతుంది. అవుట్‌వాష్ వచ్చేసింది. తడి ఏప్రిల్‌లో అయితే సరిగ్గా ఆ కరకర దగ్గరే గుంతలోకి నీరు ఊరడం మొదలవుతుంది. చూస్తుండగానే పైకి లేచి, ఉపరితలానికి అడుగు లోపల ఆగుతుంది. ఒక రోజు మూతపెట్టి ఉంచి మళ్ళీ కొలవండి. నీరంతా తోడేసి, ఎంతసేపటికి ఎంత ఊరిందో రాసుకోండి. నిమిషాల్లో అంగుళాలకు అంగుళాలు లేచిందా, మంచి వార్త: గొట్టం వేస్తే నీరు దానంతట అదే వచ్చిపడుతుంది.

ఒక హెచ్చరిక. బూడిద రంగు, తుప్పు మచ్చలు పాత గుర్తులు. వందేళ్ళ కింద గొట్టాలు వేసి ఆరబెట్టిన పొలంలో కూడా అవి అలాగే ఉంటాయి. రంగు చూసి ఇవాళ నీరెక్కడుందో చెప్పకండి, గుంతలో నీరు చూసి చెప్పండి. సాయిల్ మ్యాప్ కూడా అదే తప్పు చేయిస్తుంది. అందులో ‘పూర్లీ డ్రెయిన్డ్’ అన్నది నేల పుట్టినప్పటి స్వభావం, ఇప్పటి పరిస్థితి కాదు. అదే మ్యాప్‌లో ‘హైడ్రలాజిక్ గ్రూప్’ అన్న చోట ‘బి/డి’ అని ఉంటుంది, అది చూడండి. నీరు తీస్తే బి, అంటే నీరు బాగానే ఇంకే నేల. తీయకపోతే డి, అంటే దాదాపు ఇంకని నేల. ఒకే మట్టికి రెండు జాతకాలు.

ఇక టైల్. ఈ పేరు వింటే మనవాళ్ళకు బాత్రూమ్ గుర్తొస్తుంది కానీ, ఇక్కడ నేలలో పూడ్చిన గొట్టం. పాతవి కాల్చిన మట్టివి, ఒక్కోటి అడుగు పొడవు, కీళ్ళ సందుల్లోంచి నీరు లోపలికి వస్తుంది. ఇప్పటివి చిల్లులున్న నల్ల ప్లాస్టిక్ ముడతల గొట్టాలు. డ్రమ్మర్‌లో 3 నుంచి 4 అడుగుల లోతున, 80 నుంచి 100 అడుగులకు ఒకటి వేస్తే పని నడుస్తుంది. ఇప్పుడు చాలామంది దూరం 40, 60కి తగ్గిస్తున్నారు. రోజుకు 3/8 అంగుళం నీరు తీయాలని లెక్క వేస్తే ఎకరానికి 38,500 లీటర్లు, మీ 40 ఎకరాలకు రోజుకు 15 లక్షల లీటర్లకు పైనే. ఇదంతా ఒక్క ప్రధాన గొట్టంలోంచి పోవాలి. వాలు 0.2 శాతం ఉంటే 8 అంగుళాల గొట్టం 30 ఎకరాలు దాటి మోయలేదు, మీకు 10 అంగుళాలది కావాలి. ఖర్చు మిగులుతుందని 8 వేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారు, మే నెలలో వాళ్ళ పొలాల్లో బాతులు ఈదుతూనే ఉన్నాయి.

అసలు చిక్కు ఆ ఇసుక పొర దగ్గర. గొట్టం 4 అడుగుల్లో ఉంటే కొన్నిచోట్ల ఒండ్రులో ఉంటుంది, కొన్నిచోట్ల తడి ఇసుకలోకి దిగుతుంది. తడి సన్న ఇసుక గోడ నిలబడదు, కందకం రెండు వైపులా కూలుతుంది, గొట్టం వంకర తిరుగుతుంది, వంకర దిగిన చోట ఇసుక మేట వేస్తుంది. ఆ ఇసుకను నీరే తోసుకుపోవాలంటే సెకనుకు 1.4 అడుగుల వేగం కావాలి. 4 అంగుళాల గొట్టంలో ఆ వేగం రావడానికి 100 అడుగులకు ఆరున్నర అంగుళాల వాలు ఇవ్వాలి. ఇంత చదును నేలలో అంత వాలు ఎక్కడిది? కాబట్టి ఇసుక తగిలిన చోటల్లా గొట్టానికి గుడ్డ తొడుగు ఉండాల్సిందే. పై మట్టిలో మాత్రం తొడుగు వద్దు, సన్న రేణువులు పట్టి మూసుకుపోయే ప్రమాదం ఉంది. కాంట్రాక్టరు ‘మొత్తం తొడుగుదే వేద్దాం’ అన్నా, ‘ఎక్కడా అక్కర్లేదు’ అన్నా అతను ఆగర్ దించి చూడలేదని అర్థం. ఆగస్టు, సెప్టెంబరుల్లో నీటిమట్టం దిగాక తవ్విస్తే సగం బాధ తప్పుతుంది.

మన దగ్గరా ఈ విద్య ఉంది. ప్రకాశం జిల్లా ఉప్పుగుండూరులో పొలాల కింద గొట్టాలు వేసి చూశారు. అక్కడ నీటితో పాటు ఉప్పునూ దించాలి. డ్రమ్మర్‌లో ఉప్పు గొడవ లేదు. ఇది చెప్పడానికి కారణం, నీరు నిలిస్తే చౌడే అనుకుని ఎకరానికి టన్ను జిప్సం చల్లే పెద్దమనుషులున్నారు. జిప్సం సోడియాన్ని తరిమే మందు. డ్రమ్మర్ నిండా కాల్షియం, మెగ్నీషియమే, ఉదజని సూచిక (పి.హెచ్.) 7కు అటూ ఇటూ. తరమడానికి అక్కడ సోడియమే లేదు. ఇంకొందరు ‘ఇసుక కలపండి’ అంటారు. అడుగున ఉన్నదే ఇసుకండీ, అది ఉండి కూడా నీరు పోవట్లేదు కదా.

152ఎ గీత లోపల అంతా డ్రమ్మరే అనుకోకండి. గుంటల అంచుల్లో 67ఎ, అంటే హార్ప్‌స్టర్, ఉంటుంది. దున్నిన నేల మీద చిన్న తెల్ల నత్తగుల్లలు కనిపిస్తే అదే. సున్నం ఎక్కువ, అక్కడ సోయా ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి పాలిపోతాయి. ఇనుము నేలలో ఉన్నా మొక్కకు అందదు, రకం మార్చడం తప్ప పెద్ద దారి లేదు. గుంట నడిమధ్యన 330ఎ, పియోటోన్. మే వానలో చెరువయ్యేది అదే. దానికి గొట్టం ఒక్కటే చాలదు, పైనీరు నేరుగా దిగడానికి నిలువు గొట్టం కూడా పెట్టాలి. మెరక మీద 198ఎ, ఎల్‌బర్న్: అదే గాలిమన్ను, అదే అవుట్‌వాష్, నీరు మాత్రం కాస్త కింద.

నీరు తీశాక కూడా ఈ నేలతో తొందరపడకూడదు. నాలుగు అంగుళాల లోతు మట్టి తీసి రిబ్బన్ చెయ్యండి. పొడిపొడిగా రాలకుండా సాగితే ట్రాక్టరు షెడ్డులోనే ఉండనివ్వండి. పదును రాకముందే విత్తితే విత్తే చక్రం చాలు గోడలను అలికేస్తుంది, మొక్కజొన్న వేళ్ళు పక్కకు పోలేక చాలు వెంటే పాకుతాయి, జులై ఎండకు పైరు వాలుతుంది. ఆ తప్పుకు నెపం విత్తన కంపెనీ మీద పడుతుంది. నేల వెచ్చబడ్డాక, 18 డిగ్రీలు దాటాక నీరు నిలిస్తే నైట్రేటు రూపంలో ఉన్న నత్రజనిలో రోజుకు నూటికి నాలుగైదు పాళ్ళు గాలిలో కలుస్తుంది. నాలుగు రోజులు నిలిస్తే లెక్క మీరే వేసుకోండి.

ఇక చట్టం సంగతి. 1985 చట్టం ప్రకారం చిత్తడి నేలగా గుర్తించిన దాన్ని కొత్తగా ఎండగట్టి పంట వేస్తే ప్రభుత్వ వ్యవసాయ సాయం ఆగిపోతుంది. ముందే పంట పొలమైనదైతే రికార్డులో ‘పి.సి.’ అని ఉంటుంది. ఆ రెండక్షరాలు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

మీరు అడగకపోయినా ఇల్లు కొనేవాళ్ళకూ ఒక ముక్క. బ్లూమింగ్టన్, నార్మల్ చుట్టుపక్కల కొత్త కాలనీలు చాలావరకు ఇలాంటి పొలాల మీదే లేచాయి. ఏప్రిల్‌లో నీరు అడుగు లోతుకు వచ్చే నేలలో 8 అడుగుల బేస్‌మెంట్ తవ్వి, అందులో హోమ్ థియేటర్ పెట్టి, రాత్రి గాలివానకు కరెంటు పోయి, అడుగున గుంతలో ఊరిన నీటిని తోడే సంప్ పంపు ఆగితే సోఫాలు తేలతాయి. పునాది తవ్వేటప్పుడు పొలం పాత గొట్టాన్ని తెంపి వదిలేస్తే పై పొలాల నీళ్ళన్నీ ఆ గోడ దగ్గరికే వస్తాయి. ఇల్లు జనవరిలో చూసి మురిసిపోకండి. వాన పడ్డ మర్నాడు వెళ్ళి సంప్ పక్కన పది నిమిషాలు నిలబడి పంపు ఎన్నిసార్లు నడిచిందో లెక్కపెట్టండి. బ్యాటరీ పంపు ఉందో లేదో అడగండి.

పొలం దగ్గరికి వస్తే, అమ్మేవాణ్ణి టైల్ మ్యాప్ అడగండి. లేదంటే ప్రధాన గొట్టం బయటపడే చోటు చూపించమనండి. చివరి 10, 20 అడుగులు గట్టి గొట్టమై, ఎలుకలు దూరకుండా జాలీ ఉండి, మామూలు రోజుల్లో కాలువ నీటికి అడుగు పైన ఉండాలి. నోటి దగ్గర నారింజ రంగు జిగురు కనిపిస్తే అది ఇనుము తినే సూక్ష్మజీవుల పని, ఏటా కడగాలి. ఆ నోరు పక్కవాడి పొలంలో ఉంటే హక్కు కాగితం ఉందా? అమ్మేవాడికే గొట్టాలెక్కడున్నాయో తెలియకపోతే, దున్నిన నేల మీద అంగుళం వాన పడ్డాక రెండు మూడు రోజులకు డ్రోన్ ఎగరేయించండి. గొట్టం ఉన్నచోట మట్టి ముందే ఆరి లేత చారల్లా కనిపిస్తుంది. చార మధ్యలో తెగి, అక్కడ చిన్న గొయ్యి ఉందంటే కింద మట్టి గొట్టం పగిలింది. అలాంటి గోతులు ఎన్నున్నాయో లెక్కపెట్టుకుని, ఆ మరమ్మతు ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.