నాళాగిరి ముందు ఒక గంట

చిరంజీవికి ఆశీస్సులు.

అమరావతి మ్యూజియం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శాతవాహనులు, మహాచైత్యమనే పెద్ద బౌద్ధ స్తూపం, 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ రావడం, శిల్పాలు లండన్‌కు తరలిపోవడం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "అద్భుతం" అన్న మాట మాత్రం తొమ్మిదిసార్లు వచ్చింది. ఆ అద్భుతం ఏ రాతిలో, ఏ మూల కనిపించిందో ఒక్కచోటా చెప్పలేదు.

నీ వయసులో నేనూ అలాగే రాశాను. మ్యూజియంలో ఉన్నంతసేపూ బోర్డులు నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోవడమే సరిపోయింది. ఇంటికొచ్చి రాయడానికి కూర్చుంటే ఒక్క ముఖమూ గుర్తు రాలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఈసారి చెన్నై వెళ్తే ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూడు. బుద్ధుడి మీదికి వదిలిన నాళాగిరి అనే ఏనుగు కథ చెక్కిన గుండ్రటి పలక అక్కడ ఉంది. దాని ముందు ఒక గంట నిలబడు. మిగతావి చూడకపోయినా ఫర్వాలేదు. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో పడి తొండంతో ఒకణ్ణి పట్టేసింది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. మధ్యలో గీత లేదు, గోడ లేదు, ఒకటే వీధి. ఇప్పుడు పైకి చూడు. మేడల కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. ఒకామె భయంతో పక్కనున్నవాణ్ణి కరుచుకుపోయింది. ఏనుగు ఎంత భీకరమో శిల్పి ఆమె ఒంట్లో చూపించాడు. నీ వ్యాసంలో అలాంటి మనిషి ఒక్కరూ లేరు.

రాతి మీది అక్షరాలనూ వదలకు. అమరావతిలో పూర్ణఘటం, అంటే నిండు కుండ, చెక్కిన పలక ఒకటి విధికుడనే చర్మకారుడి దానం. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు, అందరినీ కలుపుకుని ఇచ్చాడు. ఇంటిల్లిపాదినీ రాతికెక్కించాలని అతనికి ఎందుకనిపించిందా అని ఎన్నో ఏళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. తొలి తెలుగు మాటగా చెప్పుకునే "నాగబు"ను వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిందీ అమరావతి రాతి మీదే. తెలుగులో రాసేవాళ్ళం, ఆ ఊరి గురించి రాస్తూ ఆ మాట ఎలా వదిలేస్తాం?

వ్యాసం మళ్ళీ రాయి. చరిత్ర ఒక్క పేరాలో సరిపెట్టు. మిగతాదంతా ఒకే పలక గురించి, నీ కళ్ళతో చూసిందే రాయి. కిటికీల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు. పండక్కి ముందే పంపితే తీరిగ్గా చదువుతాను.