పసుపు క్యాన్సర్‌కు మంచిదంటారు సరే, రొమ్ము క్యాన్సర్‌కు మొక్కల నుంచి నిజంగా మందు వచ్చిందా?

వచ్చింది. పాక్లిటాక్సెల్ అనే మందు అమెరికా పశ్చిమ తీరంలో పెరిగే పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికింది. రొమ్ము క్యాన్సర్‌కు అక్కడ 1994లో అనుమతించారు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను (జన్యువులుండే పోగులను) చెరోవైపు లాగే సన్నని గొట్టాలు పని కాగానే విడిపోవాలి. ఈ మందు వాటిని విడిపోనివ్వదు. కణం మధ్యలోనే ఇరుక్కుని చస్తుంది. మన పెరటి బిళ్ళగన్నేరు పదార్థాల నుంచి తయారైన వినోరెల్బిన్ అనే మరో మందు తీరు దీనికి తలకిందులు: ఆ గొట్టాలను అసలు కట్టుకోనివ్వదు. అలాగని ఆకులు నూరి తాగేరు, అది విషం!

ఇక పసుపు. అందులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో క్యాన్సర్ కణాల పెరుగుదలను అడ్డుకుంది గానీ, తింటే రక్తంలోకి చేరేది అత్యల్పం. కీమో (మందులతో చేసే క్యాన్సర్ చికిత్స) నడుస్తుండగా కర్క్యుమిన్ మాత్రలు వేసుకోవాలనుకుంటే ముందు డాక్టరుకు చెప్పండి. కూరలో పసుపు మానక్కర్లేదు.