బోర్డు రాయించే ముందు

తిరుపతి,
బుధవారం సాయంత్రం

చిరంజీవి అమ్మణ్ణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో పంపిన బోర్డు నమూనా చూశాను. గది దొరికినందుకు, అదీ చిత్తూరులో మీ ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దగ్గర్లో దొరికినందుకు చాలా సంతోషం. రిఫ్లెక్సాలజీ, అదే పాదాలు ఒత్తే వైద్యం కోర్సు ముగించి ఊరికే కూర్చోకుండా సొంతంగా మొదలుపెడుతున్నావు. కానీ "షుగర్, కిడ్నీ, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు మందులు లేకుండా నయం" అని రాయించబోతున్నావే, ఆ లైను చదివినప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. ఫోన్లో చెబితే సగం చెవిన పడదని ఉత్తరం రాస్తున్నాను. పెయింటరుకు అడ్వాన్సు ఇచ్చేసి ఉన్నా సరే, ఆ లైను తీసేయించు.

ముప్పై ఏళ్లు నర్సుగా చేసి, రిటైరయ్యాక ఈ విద్య నేర్చుకున్నదాన్ని. ఎందరి పాదాలు ఒత్తానో లెక్కలేదు. దీని మీద నమ్మకం లేక చెబుతున్నానని అనుకోవద్దు. నమ్మకం ఉంది కాబట్టే, అది ఎంతవరకో నీకు తెలియాలని ఇంత రాస్తున్నాను.

ఇది వేల ఏళ్ల నాటి విద్య అని మీ కోర్సులో చెప్పే ఉంటారు. ఈజిప్టులో సక్కారా దగ్గర అంఖ్‌మహోర్ సమాధి గోడ మీద, మనుషుల చేతులూ కాళ్లూ పట్టుకుని ఏదో వైద్యం చేస్తున్నట్టు బొమ్మలున్న మాట నిజమే. అవి నాలుగు వేల ఏళ్ల కిందటివి. పాదంలో ఏ చోటు ఏ అవయవానిదో చూపే, నువ్వు గోడకు తగిలించబోయే రంగుల మ్యాపు మాత్రం అంత పాతది కాదు. అమెరికాలో విలియం ఫిట్జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఒంటిని తల నుంచి కాలివేళ్ల దాకా నిలువుగా పది భాగాలు చేశాడు. ఒక భాగంలో ఒకచోట నొక్కితే అదే భాగంలో మరోచోట నొప్పి తగ్గుతుందన్నాడు. 1917లో దాని మీద పుస్తకం వచ్చింది. 1930లలో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు ఆ పద్ధతిని పాదాల మీదికి తెచ్చి, ఏ అవయవం ఎక్కడో గీసి పెట్టింది. బొటనవేలు తలకు, మిగతా వేళ్లు కళ్లకూ చెవులకూ, వేళ్ల కింద ఎత్తుగా ఉండే మెత్త గుండెకూ ఊపిరితిత్తులకూ, పాదం నడిమి పల్లం కడుపుకూ పేగులకూ, మడమ నడుము కింది భాగానికీ, లోపలి అంచు వెన్నెముకకూ అని. కుడిపాదం ఒంటి కుడివైపుకు, ఎడమపాదం ఎడమవైపుకు.

ఈ మాట వింటే మన అవ్వ గుర్తొస్తుంది. వేసవిలో మా అరికాళ్లకు ఆముదం రాస్తూ "కళ్లకు చలవ" అనేది. అమెరికా మ్యాపు ఆమె ఎప్పుడూ చూడలేదు. పాదానికీ మిగతా ఒంటికీ ఏదో సంబంధం ఉందన్న భావన మనకూ కొత్త కాదు.

అయితే అరికాలి నుంచి కిడ్నీకి నేరుగా పోయే నరమేదీ లేదు. ఒంటిని కోసి చూసిన శాస్త్రానికి అలాంటి దారి దొరకలేదు. ఈ విద్య నేర్పే రెండు బడుల మ్యాపులు పక్కపక్కన పెట్టి చూడు, కొన్ని అవయవాల చోట్లు కలవవు. పాదంలో గరగరలాడేవి యూరిక్ యాసిడ్ స్ఫటికాలని, వాటిని నలిపితే విషాలు బయటికి పోతాయని కూడా చెబుతారు. దానికి రుజువు లేదు. ఒంట్లో చెత్తను బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. ఆ మాట నీ గదిలో వినపడకూడదు.

మరి ఒత్తితే హాయిగా ఎందుకుంటుంది? మోచేయి గోడకు కొట్టుకుంటే వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా. ఆ రుద్దిన స్పర్శ వెన్నుపాము దగ్గర నొప్పి కబురుకు అడ్డుపడుతుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో చెప్పారు. పాదం ఒత్తినప్పుడూ కొంత అదే జరుగుతుందని అనుకుంటున్నారు. అరికాలి నిండా స్పర్శ నరాలే. ఇరవై నిమిషాలు నిదానంగా ఒత్తేసరికి ఊపిరి నెమ్మదిస్తుంది, భుజాలు జారుతాయి, టెన్షన్ దిగుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారుకున్నవాళ్లను ఎంతోమందిని చూశాను. ఇంకొకటి, మనిషి పాదాలను ఎవరైనా ప్రేమగా చేతుల్లోకి తీసుకుని ఎన్నాళ్లయ్యి ఉంటుందో ఆలోచించు. పెద్దవయసు వాళ్లలో ఒక్కోసారి కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి.

ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అనే డాక్టరు ఈ విద్య మీద జరిగిన పరీక్షలను కూర్చి చూసి, ఏ జబ్బుకైనా ఇది చికిత్సగా పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ రుజువు లేదని 2009లో రాశాడు. అమెరికాలో ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న ఆడవాళ్ల మీద చేసిన పరీక్ష ఒకటి 2012లో వచ్చింది. వాళ్లు తమ మందులు వాడుకుంటూనే ఇది చేయించుకున్నారు. ఆయాసం తగ్గింది, మెట్లెక్కడం లాంటి పనులు కొంత తేలికయ్యాయి. ఆ పరీక్షలోనే మ్యాపు తెలియని వాళ్లు మామూలుగా పాదాలు ఒత్తిన గుంపులో అలసట తగ్గింది. ఇది చదివాక నా ఆలోచనే మారిపోయింది. మేలు చేసేది మ్యాపులోని చుక్కల కంటే చేతులేనేమో అనిపించింది.

నా తప్పొకటి చెబుతాను. కొత్తలో ఒకావిడ పాదం ఒత్తుతుంటే నడిమిలో ఒకచోట "అబ్బా" అంది. మ్యాపు ప్రకారం అది కిడ్నీ చోటు. "కిడ్నీ ఒకసారి చూపించుకోండి" అనేశాను. ఆమె వారం రోజులు నిద్రపోలేదు. అప్పుచేసి స్కానింగు తీయించుకుంది. ఏమీ లేదు. కొత్త చెప్పులు గట్టిగా ఉండి అక్కడ నొక్కుకుంటున్నాయంతే. ఆమె నన్నేమీ అనలేదు, ఆ డబ్బు మాత్రం ఇప్పటికీ నా గుండెల మీద ఉంది. పాదంలో నొప్పి పాదానిదే అనుకో. జబ్బు పేరు నీ నోట రాకూడదు.

మన జనం నమ్మకం ఎలాంటిదో నీకు తెలియంది కాదు. తిరుమల కొండ కింద అలిపిరి దగ్గర తలయేరు గుండు అనే బండకు మోకాళ్లు ఆనించి, నొప్పులు రాకూడదని మొక్కుకుని 3,550 మెట్లు ఎక్కేవాళ్లున్నారు. ఆ నమ్మకంతోనే నీ గదికీ వస్తారు. బోర్డు మీద "షుగర్ నయం" అని చదివితే మాత్ర ఆపేస్తారు. ఆ తర్వాత జరిగేది వార్డులో నేను చూశాను. కాలివేలు నల్లబడి వచ్చేవాళ్లు. డాక్టర్లు ముందు వేలు తీసేసేవాళ్లు, తర్వాత పాదం.

అందుకే ఎవరొచ్చినా ఒత్తడం తర్వాత, ముందు చూడు. వెలుతురులో కూర్చోబెట్టి అరికాలు, వేళ్ల సందులు, మడమ పగుళ్లు అన్నీ చూడు. షుగర్ ఉందా అని అడుగు. ఉందంటే కళ్లు మూసుకోమని చెప్పి, రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను నీ చూపుడువేలితో ఒక్క క్షణం మెల్లగా తాకు. నొక్కొద్దు, తాకడమే. ఆరు చోట్లలో రెండు తెలియలేదంటే స్పర్శ తగ్గినట్టే. వాళ్లను డాక్టరు దగ్గరికి పంపు, ఆ రోజు ఒత్తకు. కొండకు కాళ్లకు చెప్పులు లేకుండా ఎండలో నడిచి వచ్చిన ఒక పెద్దాయన అరికాళ్లకు నాణెమంత బొబ్బలున్నాయి. ఆయనకు తెలియనే తెలియదు. నేను తుడుస్తుంటే చూశాను కాబట్టి సరిపోయింది. అరికాలికి ఒత్తుకునే గుబ్బలున్న చెప్పులు అలాంటివాళ్లకు అమ్మే ఆలోచన పెట్టుకోకు.

ఒక్క కాలే వాచి, పిక్క వేడిగా, ఎర్రగా, నొప్పిగా ఉంటే ముట్టుకోకు. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఒత్తితే కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణానికే ముప్పు. ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపు. పుండ్లు, విరిగిన ఎముక, జ్వరం, ఈమధ్యే జరిగిన ఆపరేషను ఉన్నవాళ్లకూ వద్దు. గర్భిణులు వస్తే వాళ్ల డాక్టరును అడిగి రమ్మను.

ఇక ఒత్తే తీరు. నీ గోళ్లు పొట్టిగా కత్తిరించుకో, ఉంగరాలు తీసి పెట్టు. గోరువెచ్చని నీళ్లలో వాళ్ల పాదాలు కడుగు, ఆ వేడి నీ మోచేత్తో చూసుకో. వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడువు. వెంటనే చుక్కల మీదికి పోవద్దు. ముందు చీలమండ పట్టుకుని మెల్లగా తిప్పు, పాదాన్ని రెండు చేతుల మధ్య అటూ ఇటూ ఆడించు. అప్పుడు బొటనవేలి అంచుతో, గొంగళిపురుగు పాకినట్టు కొంచెం కొంచెంగా జరుగుతూ మడమ నుంచి వేళ్ల దాకా పో. జోరుగా పోనక్కర్లేదు. నూనె ఎక్కువైతే వేలు జారుతుంది, రెండు చుక్కలు చాలు. చివర్లో వేళ్ల మెత్తకు దిగువన నడిమి గుంటలో బొటనవేలు ఉంచి, వాళ్లు లోపలికి ఊపిరి పీలుస్తుంటే ఒత్తి, వదులుతుంటే వదులు. ఐదారుసార్లు. మనిషి మొహం చూస్తూ చెయ్యి, పాదాన్ని కాదు. కనుబొమ్మ ముడిపడిందంటే నువ్వు ఎక్కువ ఒత్తుతున్నట్టు. నొప్పి పుడితేనే గుణం అనే వాళ్ల మాట వినకు. కొండ దిగి పిక్కలు పట్టేసి వచ్చినవాళ్లకైతే ఆ రోజు మరీ మెల్లగా, ఊరికే నిమిరినట్టు.

పది సిట్టింగులకు డబ్బు ముందే కట్టించుకోకు. ఒకసారి చేయించుకుని, రాత్రి నిద్ర ఎలా పట్టిందో చూసుకుని, కావాలంటే మళ్లీ వస్తారు.

బోర్డు మీద ఇలా రాయించు: "పాదాల ఒత్తిడి వైద్యం. అలసట, టెన్షన్, నిద్ర పట్టకపోవడం ఉన్నవారికి ఉపశమనం. డాక్టరు రాసిన మందులు ఆపవద్దు." వైద్యం అన్న మాట కూడా తీసేసి "పాదాల మర్దన" అంటే ఇంకా మంచిది. చివరి లైను మిగతా వాటికంటే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఆదివారం అమ్మను తీసుకుని రా. దాని మోకాళ్లు ఎలా ఉన్నాయో చూస్తాను. రోజూ ఇంట్లో వేసుకునే పాత చెప్పులే వేసుకురమ్మను, అడుగు ఏ వైపు అరిగిందో చూడాలి. నీ చేతులకు అలవాటు కావడానికి నా పాదాలే ఇస్తాను. ఒక పాత తువ్వాలు తెచ్చుకో.

నీ పెద్దమ్మ