జిల్లా జడ్జి పని తీర్పులతోనే అయిపోతుందా?

జిల్లా జడ్జి స్థాయికి ఎలా వస్తారు, తీర్పులు కాక జనానికి చేసేదేమైనా ఉంటుందా అన్నది ప్రశ్న.

దారులు ముఖ్యంగా రెండు. జూనియర్ సివిల్ జడ్జిగా (పెద్దవాళ్లు ఇప్పటికీ మున్సిఫ్ అనే అంటారు) చేరి మెట్టు మెట్టుగా పైకి రావచ్చు. లేదా కనీసం 7 ఏళ్లు లాయరుగా ప్రాక్టీసు చేసి నేరుగా జిల్లా జడ్జి పరీక్ష రాయొచ్చు.

సేవ సంగతికొస్తే, చాలామందికి తెలియనిది ఒకటుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చైర్మన్ ఆ జిల్లా ప్రధాన జడ్జే. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

లోక్ అదాలత్‌లు నడిపించేదీ ఈ సంస్థే. చెక్ బౌన్స్, యాక్సిడెంట్ నష్టపరిహారం లాంటి కేసుల్లో ఇరుపక్షాలనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అంకె దగ్గర బేరం తెగేదాకా మాట్లాడిస్తారు. రాజీ కుదిరితే అదే డిక్రీ, అంటే కోర్టు తీర్పుతో సమానం. కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, కానీ అప్పీలు ఉండదు. అందుకే తొందరపడి సంతకం పెట్టకండి, కాగితంలో అంకె రెండుసార్లు చూసుకోండి. కుదరకపోతే నష్టమేం లేదు, కేసు మళ్లీ కోర్టుకే వెళ్తుంది.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన పని విచారణ ఖైదీల సమీక్ష కమిటీ. దానికీ జిల్లా జడ్జే అధ్యక్షత వహిస్తారు. బెయిల్ వచ్చినా జామీను ఇచ్చేవాళ్లు లేక జైల్లోనే ఉండిపోయినవాళ్ల పేర్లు అక్కడే బయటికొస్తాయి.