నేలవేము కాని నేలవేము: కొండ మొక్కలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: తలకోన పైన రాతి సందుల్లో నేలవేములాంటి మొక్క కనబడింది. ఆకు వెడల్పుగా ఉంది, కాండం మీద నూగు ఉంది. ఫోన్ యాప్ ఒకసారి నేలవేము అంటుంది, ఇంకోసారి ఇంకేదో పేరు చెబుతుంది. ఇది కొత్త జాతి కావచ్చా?
– బీఎస్సీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: యాప్ తడబాటును లెక్కలోకి తీసుకోకండి. నేలవేము ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు ఆండ్రోగ్రాఫిస్. అందులో మనం కషాయం కాచుకునే పానిక్యులేటా ఒక్కటే కాదు, ఇంకా జాతులున్నాయి. బెడ్డోమీ, నల్లమలయానా లాంటి జాతులు మన తూర్పు కనుమల్లోనే ఉన్నాయి. ముందు మీ మొక్క వాటిలో ఏదీ కాదని తేలాలి.

అది ఆకును చూస్తే తేలదు, పువ్వు విప్పాలి. ఎండిన పువ్వయితే వేడినీళ్లలో ఒక చుక్క సబ్బునీరు కలిపి ఐదు నిమిషాలు నానబెట్టండి. గాజు పలక మీద పెట్టి, సన్నటి సూదితో పువ్వు గొట్టాన్ని ఒక పక్క నిలువునా చీల్చి, పుస్తకంలా పరవండి. పది రెట్లు పెంచి చూపే లెన్సు చాలు. నేలవేము ప్రజాతి అయితే కేసరాలు రెండే ఉంటాయి, పరాగకోశాల అడుగున నూగు కుచ్చులా ఉంటుంది. కేసరాలు నాలుగు కనబడ్డాయా, అసలు ప్రజాతే వేరు, మళ్లీ మొదటికి రావాలి. ప్రజాతి కుదిరితే పువ్వు పై పెదవి, కింది పెదవి పొడవులు, రక్షకపత్రాల మీద నూగు చివర బొడిపెల్లాంటి గ్రంథులతో ఉందా, ఉత్తదేనా, కాయ పొడవు వెడల్పులు, కాయలో గింజలెన్ని, ఇవన్నీ మిల్లీమీటర్లలో రాసుకోండి. ఆ కొలతలతో గ్యాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం (1915–36) ‘కీ’లో, అంటే లక్షణాలను బట్టి జాతి తేల్చే ప్రశ్నల వరుసలో, దిగండి. పాతదే అయినా మన కొండలకు ఇప్పటికీ అదే మొదటి మెట్టు. ఆ తర్వాత వచ్చిన జాతుల వ్యాసాలు విడిగా వెతుక్కోవాలి.

ఎక్కువమంది బోల్తా పడేది ఆకు దగ్గరే. నీడలో పెరిగినదానికి ఆకు పలచగా, వెడల్పుగా వస్తుంది. ఎండకు మాడే బండమీద అదే మొక్క ఆకు చిన్నదై మందపడుతుంది. వేసవిలో కొండ తగలబడ్డాక మొదలు నుంచి లేచే చిగుళ్ల ఆకులు మరీ పెద్దవి. కాబట్టి రెండు మూడు చోట్ల పది పదిహేను మొక్కలు కొలవండి. పువ్వులోనో కాయలోనో రెండు మూడు తేడాలు ప్రతి మొక్కలోనూ కలిసే కనిపించాలి, మధ్యరకం మొక్కలు తగలకూడదు. నూగు ఒక్కటే తేడా అయితే ఆశ పెట్టుకోవద్దు.

చివరగా టైప్ నమూనాలతో పోల్చాలి. ఒక జాతికి పేరు పెట్టేటప్పుడు సాక్ష్యంగా దాచిన అసలు షీటే (ఎండిన మొక్కను అంటించిన కాగితమే) టైప్. లండన్ క్యూ తోటవారి షీట్ల ఫోటోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కోయంబత్తూరులో మద్రాస్ హెర్బేరియం (ఎండిన మొక్కల నమూనాల భండారం) ఉంది. తిరుపతిలోనే ఎస్వీ యూనివర్సిటీ హెర్బేరియం ఉంది, ముందు అక్కడికే వెళ్లండి. పాత బీరువాల్లో తప్పు పేరుతో పడున్న షీట్లలోంచే చాలా కొత్త జాతులు బయటపడతాయి. 2010లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క ప్రకారం, మొదటిసారి సేకరించిన ఐదేళ్లలోపు వర్ణనకు నోచుకున్న కొత్త జాతులు 16 శాతమే.

ప్రశ్న: అక్టోబరు వానల్లో సేకరించి కాగితాల మధ్య నొక్కిపెట్టిన నమూనాలన్నీ నల్లబడ్డాయి, కొన్నిటికి బూజు పట్టింది. బరువు బాగానే పెట్టాను. పొరపాటెక్కడ?
– బోటనీ లెక్చరర్, చిత్తూరు

జవాబు: కాగితాల దగ్గర. ముసురు రోజుల్లో న్యూస్‌పేపరే గాలిలో తేమ పీల్చి మెత్తబడుతుంది, ఇక మొక్కలోని నీళ్లెక్కడికి పోతాయి? నమూనా పెట్టిన ఐదారు గంటలకే మొదటిసారి కాగితం మార్చండి. ఆకు వాడి మాట వినేది అప్పుడే. మడతలు విప్పి, ఒకటి రెండు ఆకులు తిరగేసి అడుగుభాగం కనబడేలా పెట్టండి. తర్వాత నాలుగైదు రోజులు రోజూ మార్చాలి. నాలుగైదు నమూనాలకొకటి చొప్పున లోపల గాడులుండే అట్ట, అదే అట్టపెట్టె ముక్క, పెడితే గాలి ఆడుతుంది. వేడి పెడితే 40–45 డిగ్రీలు దాటనివ్వకండి. తొందరపడి ఇస్త్రీపెట్టె రుద్దారా, ఆకులు కమిలి పెళుసెక్కుతాయి.

కండగల మొక్కలు ప్రెస్‌లో కూడా చావవు, వారాల తరబడి చిగురేస్తూనే ఉంటాయి. వాటిని, పువ్వులు తగలకుండా, మరిగే నీళ్లలో నిమిషంపాటు ముంచి పెట్టండి.

పాత పుస్తకాల్లో మెర్క్యూరిక్ క్లోరైడ్ పూయమని ఉంటుంది. అది పచ్చి విషం, ముట్టుకోవద్దు. ఎండిన షీట్లను ప్లాస్టిక్ సంచిలో మూసి మైనస్ 20 దగ్గర ఉండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే పురుగు, గుడ్డు రెండూ పోతాయి. బయటికి తీసిన వెంటనే సంచి విప్పకండి. చల్లటి షీట్ల మీద చెమ్మ దిగుతుంది.

లేబుల్ అక్కడికక్కడే రాయాలి: తేదీ, చోటు, జీపీఎస్ అంకెలు, ఎత్తు, మొక్క పొడవు, పువ్వు రంగు, వాసన. ఎండాక రంగు మిగలదు. కొత్తదని అనుమానముంటే కనీసం మూడు నమూనాలు తీసుకోండి. నాలుగు పువ్వులు 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి. డీఎన్ఏ కోసం లేతాకు ముక్కలు కాగితం కవరులో పెట్టి, ఆకు బరువుకు పది రెట్లు తేమ పీల్చే సిలికాజెల్ పోయండి. ఆల్కహాల్‌లో వేసిన ఆకు ఆ పనికి అంత నమ్మదగింది కాదు.

ప్రశ్న: శేషాచలంలో ఒక కొమ్మ తుంచినా కేసేనా?
– పాఠకుడు, చంద్రగిరి

జవాబు: శేషాచలం కొండల్లోని శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు హద్దులో అనుమతి లేకుండా ఏదీ తుంచకూడదు. కాలేజీ ద్వారా అటవీశాఖకు ముందుగా దరఖాస్తు పెట్టుకోండి. ఏ మొక్క, ఎన్ని నమూనాలు, ఏ నెలలో అన్నది అందులో రాయాలి. పేరిత జోలికి మాత్రం అసలు పోవద్దు. అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షల్లో అన్నిటికంటే కఠినమైన, సైటిస్ ఒప్పందం మొదటి పట్టికలో ఉన్న చెట్టది. అనుమతి వచ్చినా, ఒకచోట పది మొక్కలే ఉంటే వేరుతో పెకలించకండి. ఫోటోలు తీసి, పువ్వున్న ఒక కొమ్మ తీసుకోండి.

ప్రశ్న: కొత్త మొక్కకు మా అవ్వ పేరు పెట్టొచ్చా? పేపర్లో వేయిస్తే చాలునా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: అవ్వ పేరు నిక్షేపంగా పెట్టొచ్చు. మీ సొంత పేరు పెట్టుకోవడానికి కూడా నిబంధన అడ్డు రాదు, కానీ పరువు అడ్డొస్తుంది. లక్ష్మి అనే పేరైతే చివర ఏ, ఈ అనే రెండు ఇంగ్లిషు అక్షరాలు చేరతాయి. మగవారి పేర్లకు మామూలుగా చివర ‘ఐ’ వస్తుంది. మద్రాసు అటవీశాఖలో పనిచేసిన కల్నల్ బెడ్డోమ్ పేరు మీద మన పేరిత సైకస్ బెడ్డోమీ అయింది అలాగే. మాకైతే మొక్క గుణం చెప్పే పేరే ఇష్టం. కొండ సాంబ్రాణి పేరు బోస్వెలియా ఓవాలిఫోలియోలాటా అనగానే కోలగా ఉండే చిట్టి ఆకులు కళ్లకు కడతాయి.

దినపత్రికలో వేయిస్తే మాత్రం చెల్లదు, 1953 నుంచీ నిబంధన అదే. శాస్త్రపత్రికలో రావాలి. 2012 జనవరి 1 నుంచి ఐఎస్ఎస్ఎన్ లేక ఐఎస్‌బీఎన్ (పత్రికలకు, పుస్తకాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) ఉన్న ఆన్‌లైన్ పీడీఎఫ్ కూడా చెల్లుతుంది. వర్ణన లాటిన్‌లోనో ఇంగ్లిషులోనో ఉండాలి, తెలుగులో రాస్తే ఒప్పుకోరు. ఒకే ఒక షీటును హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ఏకైక టైప్‌గా, చూపి, అది ఏ హెర్బేరియంలో ఉందో రాయాలి. ‘మా కాలేజీ ల్యాబ్‌లో ఉంది’ అని రాస్తే సమీక్షకులు తిప్పి పంపడం ఖాయం. అదే చోట, అదే రోజు తీసిన మిగతా నమూనాలు వేరే హెర్బేరియాలకు పంచండి, ఒకచోట చెద పట్టినా ఇంకోచోట మిగులుతాయి.

పేరు ఖాయం చేసుకునే ముందు ఐపీఎన్ఐ అనే ఆన్‌లైన్ పేర్ల పట్టికలో వెతకండి. ఆ ప్రజాతిలో అదే పేరును ఎవరైనా ఇంతకుముందు చెల్లుబాటుగా ప్రచురించి ఉంటే, వాడుకలోంచి పోయిన పేరైనా సరే, మీరు అవ్వగారి ఇంటిపేరు వెతుక్కోవాల్సిందే.