బుడగలు ఆగాయని బీరు సీసాల్లో పట్టెయ్యకండి

ప్రశ్న: డాలస్‌లో ఉంటానండీ. అయిదు గ్యాలన్ల హోమ్ బ్రూయింగ్ కిట్ కొని బీరు పెట్టా. ఎయిర్‌లాక్‌లో (గ్యాస్ బయటికి పోనిచ్చి గాలిని లోపలికి రానివ్వని మూత గొట్టం) రెండ్రోజుల్నుంచి బుడగలు రావట్లేదు, బాటిల్ చేసెయ్యొచ్చా? తర్వాత వైన్ కూడా చేద్దామంటోంది మా ఆవిడ. అసలిది లీగలేనా?

జవాబు: లీగలేనండీ, ఇంట్లో బీరు చేసుకోడానికి 1979 నుంచి ఫెడరల్ పర్మిషన్ ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, ఒక్కరే అయితే 100, అమ్మడం మాత్రం కుదరదు.

ఇక బుడగల సంగతి. వాటిని నమ్మొద్దు. మూత సరిగ్గా పట్టకపోయినా ఆగుతాయి, గది చల్లబడి ఈస్ట్ (బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి) నిద్రపోయినా ఆగుతాయి. హైడ్రోమీటర్ ఒకటి కొనండి, ఖరీదేం కాదు. నీళ్లు 1.000 అనుకుంటే బీరు ఎంత చిక్కగా ఉందో చూపిస్తుంది, చక్కెర తగ్గేకొద్దీ అంకె దిగుతుంది. మొదట్లో 1.050 ఉన్న బీరు మామూలుగా 1.010 దగ్గరికి దిగుతుంది, దిగాక కూడా రెండుమూడు రోజులు అదే రీడింగ్ వస్తేనే అయిపోయినట్టు. 1.025 దగ్గర ఆగిపోయిందనుకోండి, లోపల ఇంకా చక్కెర ఉంది, అలాగే మూత బిగించేస్తే ఈస్ట్ మళ్లీ లేచి ఆ చక్కెర తింటుంది, గ్యాస్‌కి దారుండదు, సీసా పేలుతుంది. గాజు ముక్కలు గోడకి గుచ్చుకునేంత గట్టిగా పేలుతుందండీ, అందుకే ఇంతలా చెప్తున్నా. మొదటి బ్యాచ్ సీసాలు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి.

పూర్తిగా పులిశాక, సీసాల్లో పట్టేముందు నురగ కోసం కొలిచి కలిపే కార్న్ షుగర్ (మొక్కజొన్న చక్కెర) అయిదు గ్యాలన్లకి 115 నుంచి 140 గ్రాములు, అంతకు మించొద్దు. రెండు కప్పుల నీళ్లలో మరిగించి చల్లార్చి బాట్లింగ్ బకెట్ అడుగున పోసి, దాని మీదకి బీరుని సైఫన్ గొట్టంతో నెమ్మదిగా దించండి, చిందిందంటే గాలి కలిసి తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. సీసాకో చెంచా చొప్పున వేసేవాళ్లున్నారు, ఒకటి చప్పగా ఇంకోటి ఫౌంటెన్‌లా తయారవుతాయి. బ్రౌన్ సీసాలే వాడండి, తిప్పితే ఊడే మూతలవి వద్దు. గది టెంపరేచర్‌లో రెండు వారాలుంచి ఆ తర్వాతే ఫ్రిజ్.

సీసాలూ బకెట్టూ సబ్బుతో కడిగితే సరిపోదా అంటారేమో, సరిపోదు. కడిగాక శానిటైజర్ కూడా పట్టించాలి, స్టార్ సాన్ లాంటిదైతే ఆ నురగ మళ్లీ కడగక్కర్లేదు. ఇంకోటి, డాలస్ ఎండాకాలంలో గరాజ్‌లో మాత్రం పెట్టకండి! ఏల్ రకం బీరు ఈస్ట్‌కి 18-20 డిగ్రీల సెల్సియస్ చాలు, పైగా పులుస్తున్నప్పుడు బకెట్ తనంతట తనే వేడెక్కుతుంది. నీళ్ల టబ్బులో పెట్టి తడి టీషర్ట్ చుట్టండి.

వైన్‌కి పద్ధతి వేరు. కార్న్ షుగర్ వెయ్యరు, నెలలు పడుతుంది, కార్బాయ్‌ని (సన్న మెడ ఉన్న పెద్ద జాడీ) మెడదాకా నింపి ఉంచకపోతే గాలి తగిలి పాడవుతుంది. తియ్యగా కావాలని చివర్లో చక్కెర కలిపితే ముందు మళ్లీ పులవకుండా ఆపే పొటాషియం సోర్బేట్, సల్ఫైట్ రెండూ వెయ్యాలి, లేకపోతే కార్క్ ఎగిరిపోతుంది. నా సలహా, బీరు ఒకటి రెండు బ్యాచ్‌లు కుదిరాకే వైన్ జోలికి వెళ్లండి, మేడమ్‌గారికి ఏదోలా నచ్చచెప్పుకోండి.

ప్రశ్న: ఇదే కిట్ హైదరాబాద్ తెప్పించుకుని చేసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. తాటిచెట్టు కల్లు గియ్యడానికే లైసెన్సు అడిగే చోట ఇంట్లో బీరుకి ఊరుకుంటారా, ఎక్సైజ్ కేసవుతుంది. ఫ్రెష్ బీరే కావాలంటే లైసెన్సున్న మైక్రోబ్రూవరీలు సిటీలో ఉన్నాయిగా, అక్కడికెళ్లండి.